విండో మేనేజర్ డాక్యుమెంటేషన్ నాలుగు చోట్ల నాలుగు తీర్ల ఉన్నది, ఎక్కడ మొదలుపెట్టాలె?

నీలగిరి_టైలింగ్ (నల్గొండ):

అందరికి నమస్తే. స్వే అనే విండో మేనేజర్ లెక్కనే డబ్ల్యూఎల్‌రూట్స్ అనే లైబ్రరీ మీద కట్టిన ఒక చిన్న ఓపెన్‌సోర్స్ టైలింగ్ విండో మేనేజర్‌కు (విండోలను ఒకదానిమీద ఒకటి పడకుండ పక్కపక్కన పేర్చే ప్రోగ్రామ్) డాక్యుమెంటేషన్ చూసుకునే పని ఒప్పుకున్న. కోడ్ సీలో ఉన్నది, కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్) రాసే పద్ధతి ఐ3 అనే ఇంకో విండో మేనేజర్‌దే. సమాచారం మాత్రం రీడ్‌మీలో కొంత, వికీలో కొంత, మ్యాన్ పేజీలో (టెర్మినల్‌లో మ్యాన్ కమాండ్‌తో తెరుచుకునే సహాయం పేజీ) కొంత, డిఫాల్ట్ కాన్ఫిగ్ కామెంట్లలో కొంత ఉన్నది. ఒకదానికొకటి పొసగదు. వికీలో ఉన్న కొన్ని ఆప్షన్లు కోడ్‌లో లేనే లేవు, కోడ్‌లో ఉన్నవి కొన్ని ఎక్కడా రాసి లేవు.

ఇంకో చిక్కు ఏందంటే, ఇక్కడి పిల్లలు చాలామంది ఉబుంటు 22.04 మీదనే ఉన్నరు. వాళ్ల ప్యాకేజీ పాతది, వికీ కొత్త వెర్షన్‌ది. కాపీ చేసి పెడితే ఎర్రర్ వస్తున్నది. ముందు దేన్ని సరిచేయాలె? సరిచేసింది మళ్ల పాతబడకుండ ఏం చేయాలె? తెలుగులో కూడ పెట్టాలంటే ఏ దారి మంచిది?

మ్యాన్‌పేజీ_మిర్యాలగూడ:

అన్నా, రాతపని తర్వాత. ఏది అసలుదో ముందు తేల్చండి. ఆప్షన్ల వివరమంతా మ్యాన్ పేజీలోనే ఉండాలె, ఆ మ్యాన్ పేజీ కోడ్ ఉన్న రిపోలోనే ఉండాలె. ఆప్షన్ మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే (మార్పును అసలు కోడ్‌లో కలపమని పంపేది) మ్యాన్ పేజీ మార్పు కూడ రావాలె. రాకపోతే మెర్జ్ ఆపండి, ఎంత మంచి కోడ్ అయినా సరే. ప్యాకేజీతో పాటు దిగే మ్యాన్ పేజీ ఆ వెర్షన్‌దే కాబట్టి ఉబుంటు చిక్కు సగం ఇక్కడే తీరుతది. వికీకి ఆ గుణం లేదు, అది ఎప్పుడూ ఒక్క వెర్షన్ గురించే మాట్లాడుతది.

పాతబడకుండ ఆపేది మాత్రం మనిషి కాదు, సీఐ, అంటే కోడ్ మారినప్పుడల్లా తనంతట తానే నడిచే పరీక్షలు. స్వే కోడ్‌లో కమాండ్ల పేర్లన్నీ కమాండ్స్ డాట్ సీ ఫైల్‌లో పట్టికలుగా, అక్షర క్రమంలో ఉంటయి. మీ ప్రాజెక్టులో కూడ అట్లాంటి పట్టిక ఉండే ఉంటది. గ్రెప్‌తో (ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్) ఆ పేర్లు తీసి సార్ట్ చేయండి. మ్యాన్ పేజీలో బోల్డ్‌లో ఉన్న కమాండ్ పేర్లు తీసి అవీ సార్ట్ చేయండి. రెండు జాబితాలను పోల్చి చూపే కామ్ కమాండ్‌కు ఇస్తే కోడ్‌లో మాత్రమే ఉన్నవి ఒక వరుసలో, మ్యాన్ పేజీలో మాత్రమే ఉన్నవి ఇంకో వరుసలో వస్తయి. ఈ రెండిట్లో ఏ వరుస ఖాళీగా లేకపోయినా సీఐ ఫెయిల్ కావాలె. ఇరవై లైన్ల షెల్ స్క్రిప్ట్ సరిపోతది.

ఇందులో జనం బోల్తా పడేది సబ్‌కమాండ్ల దగ్గర. స్వేలో ఇన్‌పుట్, అవుట్‌పుట్, బార్ కమాండ్లకు పట్టికలు వేరే ఫైళ్లలో ఉంటయి, వాటి మ్యాన్ పేజీలు కూడ వేరే. పెద్ద పట్టిక ఒక్కటే చూసే స్క్రిప్ట్ అంతా బాగుందని చెప్తది, లోపల సగం ఆప్షన్లు రాయకుండ మిగిలిపోతయి. కావాలని దాచిన పాత పేర్లు ఉంటే మినహాయింపుల ఫైల్ ఒకటి పెట్టి, ప్రతి పేరు పక్కన కారణం రాయించండి.

తీసేసిన ఆప్షన్‌ను మ్యాన్ పేజీ నుంచి ఒకేసారి తుడిచేయకండి. ఏ వెర్షన్‌లో తీసేశారో, బదులు ఏం వాడాలెనో ఒక లైన్ ఉంచండి. అట్లనే కొత్తదానికి ఏ వెర్షన్ నుంచి ఉన్నదో రాయండి. ఐ3నే చూడండి. గ్యాప్స్, అంటే విండోల మధ్య ఖాళీ జాగ కోసం ముందు ఐ3-గ్యాప్స్ అని వేరే ఫోర్క్ (అదే కోడ్ నుంచి విడిగా నడిపే ప్రాజెక్టు) ఉండేది, 2023 జనవరిలో వచ్చిన 4.22తో అది అసలు ఐ3లో కలిసిపోయింది. ఉబుంటు 22.04లో ఉన్నది అంతకన్న పాతది కాబట్టి గ్యాప్స్ లైన్లు పెడితే కాన్ఫిగ్ ఎర్రర్ వస్తది. “4.22 నుంచి” అన్న ఒక్క మాట పక్కన ఉంటే ఎవ్వరూ అడగాల్సిన పని లేదు.

మ్యాన్ పేజీని ఎస్‌సీడాక్ అనే టూల్ కోసం రాస్తున్నట్లయితే ఇండెంట్‌కు ట్యాబ్ మాత్రమే వాడాలె. ఎడిటర్ ట్యాబ్‌ను స్పేసులుగా మారిస్తే బిల్డ్ ఆగిపోతది. రిపోలో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ పెట్టి ఆ ఎక్స్‌టెన్షన్‌కు ట్యాబ్ అని కట్టేయండి.

పాలమూరు_వేలాండ్:

పై మాటంతా ఒప్పే. నేను ఉదాహరణల గురించి చెప్తా, ఎందుకంటే చదివేవాళ్లు వివరణ దాటేసి ఉదాహరణనే కాపీ చేస్తరు.

మ్యాన్ పేజీలో, వికీలో ఉన్న ప్రతి కాన్ఫిగ్ ముక్కను వేరే ఫైల్‌గా తీసి పెట్టండి. స్వేకు, ఐ3కు పెద్ద అక్షరం సీ ఫ్లాగ్ ఇస్తే కాన్ఫిగ్‌ను చెక్ చేసి బయటికొస్తయి. మీ దాంట్లో కూడ ఉంటే ఆ ఫైళ్లన్నిటిని సీఐలో దాని గుండ పంపండి. కాని అది రాతలో తప్పులే పడుతది, పని జరుగుతున్నదా లేదా చెప్పదు. దానికి నెస్టెడ్‌గా, అంటే నడుస్తున్న సెషన్ లోపలనే ఇంకోటిగా, నడిపి చూడాల్సిందే. డబ్ల్యూఎల్‌రూట్స్ మీద కట్టినవి నడుస్తున్న వేలాండ్ (విండోలను స్క్రీన్ మీద చూపించే కొత్త పద్ధతి) సెషన్ లోపల మామూలు విండో లెక్క తెరుచుకుంటయి. పాత పద్ధతి అయిన ఎక్స్ మీద నడిచే ఐ3ని చూడాలంటే జెఫిర్‌లో (విండో లోపల ఇంకో ఎక్స్ స్క్రీన్ తెరిచే ప్రోగ్రామ్) 1280 బై 720 స్క్రీన్ తెరిచి, డిస్‌ప్లే వేరియబుల్‌ను దానికి మార్చి నడపాలె.

“ఐ3 లెక్కనే” అని రాసి వదిలేయడం ప్రమాదం. కాన్ఫిగ్ నుంచి ప్రోగ్రామ్ మొదలుపెట్టే ఎగ్జెక్_ఆల్వేస్ లైన్ చూడండి. ఐ3లో అది రీస్టార్ట్ చేసినప్పుడు మళ్ల నడుస్తది, రీలోడ్ చేస్తే నడవదు. స్వేలో రీలోడ్ చేస్తేనే మళ్ల నడుస్తది. ఐ3 గైడ్ నుంచి వాక్యం ఎత్తుకొచ్చి పెడితే స్వే వాడేటోళ్లకు రీలోడ్ కొట్టినప్పుడల్లా ఇంకో బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్ మొదలై పేరుకుపోతది. ఎందుకో వాళ్లకు అర్థం కాదు.

విండో రూల్స్ (ఏ విండో ఎట్ల తెరుచుకోవాలెనో చెప్పే లైన్లు) దగ్గర కూడ ఇంతే. ఎక్స్‌లో ఎక్స్‌ప్రాప్ నడిపి విండో మీద క్లిక్ చేస్తే డబ్ల్యూఎం_క్లాస్‌కు రెండు మాటలు చూపిస్తది. మొదటిది ఇన్‌స్టెన్స్, రెండోది క్లాస్. చాలామంది మొదటిదాన్ని క్లాస్ అనుకొని రాస్తరు, రూల్ పట్టదు. వేలాండ్ యాప్‌లకైతే క్లాస్ అనేదే ఉండదు, యాప్_ఐడీ వాడాలె. ఎక్స్‌వేలాండ్ (వేలాండ్‌లో ఎక్స్ యాప్‌లను నడిపేది) ద్వారా తెరుచుకున్నవాటికే క్లాస్ పనిచేస్తది. స్వేలో స్వేమెసేజ్‌తో గెట్_ట్రీ అడిగితే ఏ విండోకు ఏది ఉన్నదో కనపడతది. ఈ ముక్క మ్యాన్ పేజీలో రూల్స్ విభాగం మొదట్లోనే పెట్టండి, కిందికి తోయకండి.

నీలగిరి_టైలింగ్:

నెస్టెడ్‌గా నడిపితే విండోస్ కీ షార్ట్‌కట్లన్నీ బయటి విండో మేనేజరే పట్టుకుంటున్నది, లోపలికి పోవట్లేదు.

పాలమూరు_వేలాండ్:

బయటిది కూడ మాడ్4 (విండోస్ కీ) వాడుతున్నది, అందుకే. పరీక్ష కాన్ఫిగ్‌లో మాడ్ వేరియబుల్‌ను మాడ్1కు, అంటే ఆల్ట్‌కు మార్చండి. ఉదాహరణలన్నిటిలో కీ పేరు నేరుగా రాయకుండ వేరియబుల్‌తోనే రాస్తే ఒక్క లైన్ మారిస్తే చాలు.

వనపర్తి_అనువాదం:

తెలుగు సంగతి. మొదటి పేజీ, ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, పది ముఖ్యమైన కీలు, లాగ్ ఎక్కడ చూడాలె: ఇవి చాలు మొదట. పూర్తి ఆప్షన్ల జాబితా తెలుగులో పెడితే దాన్ని నిలబెట్టుకోవడం కష్టం.

వేరే ఫైల్‌లో చేత్తో అనువదించకండి. ఇంగ్లీష్ మారినప్పుడు ఏ పేరా పాతబడ్డదో తెలియదు. పీవో4ఏ అనే అనువాద టూల్ వాడండి. అది మూలాన్ని పేరాలుగా విడగొట్టి పీవో ఫైల్ చేస్తది, మారిన పేరాకు ఫజ్జీ (మళ్ల సరిచూడాలె) గుర్తు పెడతది. ఒకటి గుర్తుంచుకోండి. డిఫాల్ట్‌గా 80 శాతం అనువాదం కాకపోతే పీవో4ఏ తెలుగు ఫైల్ తయారే చేయదు. టూల్ చెడిపోయిందని చాలామంది ఇక్కడే వదిలేస్తరు. కీప్ ఆప్షన్‌లో ఆ అంకె తగ్గించుకోవచ్చు. కాని పాఠకునికి సగం ఇంగ్లీష్, సగం తెలుగు చూపించడం కన్న చిన్న పేజీని పూర్తిగా చేసి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

తెలుగు మ్యాన్ పేజీ జోలికి పోవద్దు. చాలా టెర్మినళ్లు వత్తులు, గుణింతాలు సరిగ పేర్చవు, “స్క్రీన్” అన్న మాటే విడిపోయి కనపడుతది. హెచ్‌టీఎంఎల్‌గా పెట్టండి. బార్‌లో తెలుగు కావాలంటే ఫాంట్ లైన్‌లో ప్యాంగో అని రాసి నోటో శాన్స్ తెలుగు పేరు ఇవ్వాలె, పాత ఎక్స్ ఫాంట్లతో కాదు.

తెలుగు కీబోర్డ్ వాడేటోళ్లకు ఇంకొకటి తప్పకుండ రాయండి. స్వేలో లేఅవుట్‌ను తెలుగుకు మార్చినంక అక్షరాలతో కట్టిన షార్ట్‌కట్లు పనిచేయవు, ఎందుకంటే ఆ కీ నుంచి ఇప్పుడు తెలుగు అక్షరం వస్తున్నది. షార్ట్‌కట్ కట్టే బైండ్‌సిమ్ లైన్‌కు టు-కోడ్ ఆప్షన్ జోడిస్తే అక్షరం కాక కీ స్థానాన్ని పట్టుకుంటది. ఐ3లో ఈ తిప్పలు లేవు, అక్కడ షార్ట్‌కట్లను మొదటి లేఅవుట్ ప్రకారం లెక్కగట్టి అన్ని లేఅవుట్లలో నడుపుతది. కాన్ఫిగ్‌లో యూఎస్ మొదట, ఇండియా రెండోది, దాని వేరియంట్ తెలుగు అని ఆ వరుసలోనే రాయించండి. వరుస తిరగబడితే టు-కోడ్ పెట్టినా షార్ట్‌కట్ దొరకదు.