స్లాబుకు బిగించిన పాత ట్యూబ్‌లైట్ల స్థానంలో ఎల్ఈడీ ప్యానెళ్లు: ఎన్ని కావాలి, ఎక్కడ బిగించాలి?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నివాసి

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో 1995లో కట్టిన అపార్టుమెంటులో పై అంతస్తు ఫ్లాటు. అప్పట్లో మా నాన్నగారు హాలు గోడలన్నీ పుస్తకాల అలమారాలకు కేటాయించి, ట్యూబ్‌లైట్లను నేరుగా స్లాబుకే బిగింపజేశారు. హాల్లో రెండు, వంటింట్లో ఒకటి, నేను రాత్రిపూట చదువుకునే చిన్న గదిలో ఒకటి, మొత్తం నాలుగు ఉన్నాయి. అన్నీ నాలుగడుగుల పొడవున్న 36 వాట్ల ట్యూబులే, అన్నింటికీ పాతకాలపు రాగి చోకులే. ఈ మధ్య రెండు ట్యూబులు మిణుకు మిణుకుమంటూ అరనిమిషానికి గాని వెలగడం లేదు. ఒక చోకు తుమ్మెదలా మోగుతూనే ఉంది. స్టార్టర్లు మార్చి చూసినా ప్రయోజనం కనిపించలేదు.

అందుచేత వీటన్నింటినీ తొలగించి, స్లాబుకు పైనే బిగించే గుండ్రని ఎల్ఈడీ ప్యానెళ్లు పెట్టుకోవాలని అనుకుంటున్నాము. ఫాల్స్ సీలింగ్ చేయించే ఉద్దేశం లేదు కనుక లోపలికి పొదిగే రకం మాకు పనికిరాదు. డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణంలో విచారిస్తే, ఒక్కో ట్యూబుకు బదులుగా ఒక్కో 18 వాట్ల ప్యానెల్ ధారాళంగా సరిపోతుందని చెప్పారు. మా హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. నడిమధ్యన ఫ్యాను ఉంది, దానికి అటూ ఇటూ రెండేసి అడుగుల దూరంలో ఇప్పటి ట్యూబులు ఉన్నాయి. దుకాణదారు చెప్పిన లెక్క నిజమేనా, పాత పాయింట్లలోనే ప్యానెళ్లు బిగించవచ్చునా, లైటు పాయింట్ల దగ్గర ఫేజు, న్యూట్రల్ తప్ప ఎర్తు వైరు లేకపోవడం వల్ల ఇబ్బంది ఉంటుందా అన్నవి నా సందేహాలు. సముద్రం దగ్గర కావడంతో మా ఇంట్లో ఇనుము అన్నది ఏదీ పదేళ్లు నిలవదు, ఆ సంగతి కూడా దృష్టిలో ఉంచుకొని అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

సమాధానం: విశ్రాంత ఇంజినీరు, సీతమ్మధార

వాట్లు ఎంత విద్యుత్తు ఖర్చవుతుందో చెబుతాయి గాని, ఎంత వెలుగు వస్తుందో చెప్పవు. వెలుగుకు ల్యూమెన్ల లెక్క చూడాలి. సాధారణ 36 వాట్ల ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు సుమారు 2450 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. మామూలు ఎల్ఈడీ ప్యానెల్ వాటుకు 90 నుంచి 100 ల్యూమెన్లు ఇస్తుంది కనుక, 18 వాట్ల ప్యానెల్ నుంచి మీకు దక్కేది 1700 చిల్లర మాత్రమే. అయితే ట్యూబు వెలుగు అన్ని వైపులా చెదిరిపోతుంది, సగం దాకా ముందు స్లాబుకు తగిలి ఆ తరువాతే కిందికి వస్తుంది. ప్యానెల్ వెలుగు మొత్తం కిందికే దిగుతుంది. అందువల్ల దుకాణదారు మాటలో కొంత నిజం లేకపోలేదు గాని, "ధారాళంగా" అన్న మాట మాత్రం ఎక్కువే. మీ హాలు సుమారు 15.6 చదరపు మీటర్లు. కూర్చుని మాట్లాడుకునే గదికి 150 లక్స్, అంటే చదరపు మీటరుకు 150 ల్యూమెన్లు, చాలునని అనుకొని, గోడలు, అలమారాలు మింగేసే వెలుగును కూడా లెక్కలోకి తీసుకుంటే 4200 ల్యూమెన్ల పైచిలుకు కావాలి. అంటే రెండు 22 వాట్ల ప్యానెళ్లు గాని, మూడు 15 వాట్లవి గాని ఉండాలి. పుస్తకాల అలమారాలు ముదురు రంగు చెక్కవైతే నేను మూడింటికే మొగ్గు చూపుతాను.

అయితే మీరు వేసిన ప్రశ్నల్లో అసలు కీలకమైనది ఎన్ని అన్నది కాదు, ఎక్కడ అన్నదే. పాత పాయింట్లలోనే ప్యానెళ్లు బిగిస్తే మొదటి రోజు రాత్రే మీకు తలనొప్పి వస్తుంది. సాధారణ ఫ్యాను రెక్కల వ్యాసం 1200 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి రెక్క కొన వరకు రెండడుగులు. మీ లైటు పాయింట్లు కూడా ఫ్యానుకు రెండడుగుల దూరంలోనే ఉన్నాయి కనుక, సరిగ్గా రెక్కల కొనల మీదే ఉన్నట్టు. నాలుగడుగుల ట్యూబు అక్కడ ఉన్నప్పుడు రెక్క ఒక భాగాన్ని మూసినా మిగిలిన భాగం వెలుగుతూ ఉండేది, అందుచేత నీడ పలచగా పడి మీరు పట్టించుకొని ఉండరు. ఎనిమిది అంగుళాల ప్యానెల్‌ను ఒకే రెక్క పూర్తిగా మూసి తెరుస్తుంది. ఫ్యాను తిరిగినంతసేపూ గది అదిరినట్టు కనిపిస్తుంది.

దీనికి చిన్న లెక్క ఉంది. రెక్కలు స్లాబుకు అడుగు కింద ఉన్నాయనుకుందాం. ప్యానెల్‌ను రెక్క కొనకు బయట ఒక అడుగు దూరంలో బిగిస్తే, నీడ అడుగు దిగేసరికి అడుగు పక్కకు జరుగుతుంది. అంటే బల్ల ఎత్తుకు, స్లాబు నుంచి ఏడున్నర అడుగులు దిగేసరికి, ప్యానెల్ నుంచి ఏడున్నర అడుగుల దూరంలో నీడ మొదలవుతుంది. మీ గదిలో ఆ చోట ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. రెక్క కొనకు రెండడుగుల దూరంలో, అంటే ఫ్యాను మధ్య నుంచి నాలుగడుగుల దూరంలో బిగిస్తే, బల్ల ఎత్తుకు ఆ నీడ 15 అడుగుల అవతల పడాలి. అది మీ గది దాటిపోతుంది కనుక ఎదురు గోడ మీదే ఆగుతుంది. ఆ గోడ దగ్గర రెండో ప్యానెల్ ఉంటుంది కాబట్టి దాని వెలుగులో కదలిక కలిసిపోతుంది. పొడవు దిశలో ఇలా బిగిస్తే ఇటు గోడకు మూడడుగులు, అటు ఫ్యానుకు నాలుగడుగులు వస్తాయి. ఫ్యాను రాడ్డు పొట్టిదైతే నీడ ఇంకా దూరం జరుగుతుంది, పొడుగైతే దగ్గరకు వస్తుంది, కనుక కొలిచి చూసుకోండి.

సమాధానం: పెదవాల్తేరు నివాసి

ఇంజినీరు గారి లెక్కను నేను కాదనను గాని, అసలు ప్యానెల్ ఎందుకన్నది నా ప్రశ్న. నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది, ట్యూబులాగే పొడవుగా ఉంటుంది, పాత స్క్రూ రంధ్రాల దగ్గరే సర్దుకుంటుంది. ప్యానెల్ పెట్టేవారు మరచిపోయే సంగతి ఒకటుంది. ముప్పై ఏళ్లుగా బిగించి ఉన్న ఫిట్టింగును ఊడదీస్తే కింద నాలుగడుగుల పొడవున వేరే రంగు మరక బయటపడుతుంది, ఎనిమిది అంగుళాల గుండ్రని ప్యానెల్ దానిని దాచలేదు. మా ఇంట్లో లైటుకు అయిన ఖర్చు కంటే ఆ మరక కోసం సీలింగు మొత్తానికి రంగు వేయించిన ఖర్చే ఎక్కువైంది. బ్యాటెన్‌లో నాకు నచ్చని విషయం కూడా చెబుతాను: కింద కూర్చుని పైకి చూస్తే కళ్లలో సూటిగా గుచ్చుకుంటుంది. ప్యానెల్ పాల రంగు పలక వెనుక నుంచి మెత్తగా వెలుగుతుంది. హాలుకు ప్యానెళ్లు, వంటింటికి, చదువుకునే గదికి బ్యాటెన్లు అనుకుంటే ఇంటి పని సగం తగ్గుతుంది.

సమాధానం: వైరింగ్ పని చేసే సభ్యుడు, గాజువాక

నేను ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, గనుక పని వైపు నుంచి చెబుతాను. ముందుగా ఆ గది స్విచ్చును కాదు, మెయిన్ బోర్డులో ఆ లైనుకు కరెంటు ఆపే ఎంసీబీని ఆపండి. మీలాంటి పాత ఫ్లాట్లలో స్విచ్చు గుండా ఫేజు కాకుండా న్యూట్రల్ పోయిన సందర్భాలు నేను చాలా చూశాను. అలా ఉంటే స్విచ్చు ఆపినా లైటు పాయింటు దగ్గర ఫేజు సజీవంగానే ఉంటుంది, చేయి పెట్టినవారికి షాకు తగులుతుంది. ట్యూబు ఉన్నంత కాలం ఈ లోపం బయటపడదు. ఎల్ఈడీ పెట్టాక మాత్రం స్విచ్చు ఆపినా ప్యానెల్ రాత్రంతా దెయ్యపు దీపంలా మసకగా మెరుస్తూ ఉంటుంది. ప్యానెల్ పాడైందని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లేవారు చాలామంది. ఫేజును స్విచ్చు గుండా మళ్లిస్తే చాలావరకు పోతుంది. స్విచ్చులో చిన్న ఎర్ర ఇండికేటరు దీపం ఉన్నా ఇదే మెరుపు వస్తుంది, దానిని తీసివేయాలి.

ఎర్తు విషయంలో మీ అనుమానం సరైనదే. అల్యూమినియం వంటి లోహపు బాడీ ఉండి, ఎర్తు గుర్తుతో స్క్రూ ఇచ్చిన ప్యానెల్‌కు ఎర్తు కలపవలసిందే. మీ పాయింట్లలో ఆ వైరు లేదు కనుక, ఒక చదరం లోపల మరొక చదరం గుర్తు ముద్రించిన, డబుల్ ఇన్సులేషన్ గల ప్లాస్టిక్ బాడీ ప్యానెల్ తీసుకోండి. లేదంటే స్విచ్ బోర్డు దాకా ఆకుపచ్చ వైరు ఒకటి లాగించండి. ఎలాగూ పాయింట్లను ఫ్యానుకు దూరంగా జరుపుతున్నారు కాబట్టి స్లాబు మీద పీవీసీ కేసింగ్ వేసి మూడు వైర్లూ ఒకేసారి లాగడమే మేలు. దయచేసి గాడి కోసం స్లాబును చెక్కనివ్వకండి, అడుగున ఉన్న ఇనుప చువ్వలు బయటపడతాయి.

చువ్వల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. సముద్రం దగ్గరి పాత భవనాలలో ఉప్పు గాలి, చెమ్మ కాంక్రీటు లోపలికి చేరి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడుతాయి. పై అంతస్తు స్లాబుకు వాన నీరు కూడా తోడవుతుంది. రంధ్రం పెట్టబోయే చోట స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ ప్లగ్గు పెట్టకండి, కొంత కాలానికి పెచ్చుతో సహా ప్యానెల్ నెత్తిన పడుతుంది. ఆరు మిల్లీమీటర్ల డ్రిల్లుతో అంగుళంన్నర లోతు చాలు. చువ్వ తగిలితే బలవంతంగా దిగగొట్టకుండా అంగుళం పక్కకు జరపండి. పెట్టెలో ఇచ్చే స్క్రూలు పారేసి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు కొనుక్కోండి. నాలుగు ప్యానెళ్లకు ఆ తేడా ఒక కాఫీ ఖర్చుకు మించదు.

ఇక డ్రైవరు. ప్యానెల్‌లో ముందుగా పోయేది ఎల్ఈడీ కాదు, దానికి కరెంటు అందించే ఈ చిన్న పెట్టె. మీది పై అంతస్తు, మే నెలలో స్లాబు రాత్రి దాకా వేడిగానే ఉంటుంది. డ్రైవరులోని కెపాసిటరు ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే డ్రైవరు విడిగా ఉండి, ప్లగ్గుతో ఊడదీయగలిగే ప్యానెల్ ఎంచుకోండి. మార్చవలసి వచ్చినప్పుడు వాట్లు చూసి కాకుండా, పాతదాని మీద ముద్రించిన కరెంటు మిల్లీ ఆంపియర్లు, వోల్టేజి పరిధి చూసి కొనాలి. కరెంటు ఉండగా ప్యానెల్ ప్లగ్గును డ్రైవరుకు గుచ్చకూడదు, ఆ క్షణంలో వచ్చే ఎక్కువ వోల్టేజికి ఎల్ఈడీలు మాడిపోతాయి. గాలివానల తరువాత కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా వోల్టేజి ఎగబాకడం ఈ ఊళ్లో కొత్త కాదు, హుద్‌హుద్ తుపాను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పెట్టె మీద సర్జ్ రక్షణ ఎన్ని కిలోవోల్టులో రాసి ఉందా, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ సంఖ్య ఉందా అని చూసే కొనండి.

సమాధానం: లాసన్స్ బే కాలనీ గృహిణి

వంటింటి గురించి ఎవరూ చెప్పలేదు గనుక రాస్తున్నాను. వంటగట్టు గోడ వైపు ఉంటుంది, లైటు గది మధ్యలో ఉంటుంది. మనం గట్టు ముందు నిలబడగానే మన నీడే కూరగాయల మీద పడుతుంది. వెలుగు ఎంత పెంచినా ఆ నీడ పోదు. వంటింటి లైటును గట్టు అంచుకు పైగా వచ్చేలా జరిపించుకోండి. పోపు పొగ జిడ్డు, చిన్న పురుగులు లోపలికి చేరకుండా చుట్టూ మూసి ఉన్న రకం తీసుకోండి. మా ఇంట్లో మొదట కొన్న ప్యానెల్‌లో ఆరు నెలలకే పురుగుల శవాలు నల్లని చుక్కల్లా పేరుకున్నాయి.

రంగు విషయంలో 6500 కెల్విన్ తెలుపు మన పాత ట్యూబులాగే ఉంటుంది. హాలుకు కాస్త పసుపు కలిసిన 4000 కెల్విన్ నాకు హాయిగా అనిపించింది. ఒకే గదిలో మాత్రం రెండు రకాలు కలపకండి. ఊడదీసిన ట్యూబులను చెత్త బండిలో విసిరేయవద్దు, వాటిలో పాదరసం ఉంటుంది. 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలలో ఈ దీపాలు కూడా ఉన్నాయి కనుక, కొత్త లైట్లు వచ్చిన అట్టపెట్టెల్లో పగలకుండా చుట్టి ఇ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటకు వెళ్లి, తరువాత చీపురుతో ఊడవకుండా అట్టముక్కతో ఎత్తి, తడి గుడ్డతో తుడవాలి. రాగి చోకులను మాత్రం పాత సామాను కొనేవారు సంతోషంగా తీసుకుంటారు.

ప్రశ్న అడిగిన సభ్యుని జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పాత క్యాలెండరు అట్టతో ఎనిమిది అంగుళాల చక్రాలు కత్తిరించి, హాల్లో ఫ్యానుకు నాలుగడుగుల దూరంలో అటొకటి, ఇటొకటి అంటించి చూశాను. టెస్టరుతో పరీక్షిస్తే గాజువాక మిత్రులు చెప్పినట్టే చదువుకునే గదిలో స్విచ్చు ఆపినా ఫేజు ఉంది, మిగిలిన మూడూ సరిగానే ఉన్నాయి. హాలుకు డబుల్ ఇన్సులేషన్ గల 22 వాట్ల ప్యానెళ్లు రెండు, వంటింటికి గట్టు మీదుగా 20 వాట్ల మూసిన బ్యాటెన్ ఒకటి, నా గదికి మరొక బ్యాటెన్ తీసుకోవాలని నిశ్చయించాము. చోకుతో కలిపి ఒక్కో ట్యూబుకు 48 వాట్ల చొప్పున ఇప్పుడు 192 వాట్లు ఖర్చవుతుంటే, ఇకపై 84 వాట్లు అవుతుంది. రోజుకు ఆరు గంటల లెక్కన నెలకు 19 యూనిట్ల దాకా మిగులుతాయి. వేసవిలో ఏసీ వల్ల మా బిల్లు 225 యూనిట్లు దాటి యూనిట్‌కు 8.75 రూపాయల ధరల శ్రేణిలో పడుతుంది కనుక, ఆ నెలల్లో 165 రూపాయల వరకు ఆదా కనిపించవచ్చు.

తట్టి చూసినప్పుడు వీధి వైపు చక్రం దగ్గర డొల్ల శబ్దం వచ్చింది. గోడ వైపు అరడుగు జరిపి తడితే గట్టిగా పలికింది కనుక అట్టను అక్కడికి మార్చాను. మరకల కోసం హాలు సీలింగుకు వెల్ల వేయించాక, వచ్చే వారం వైరింగ్ పని మొదలుపెడతాము.