కారులో డ్రైవర్ వైపు కిటికీ అద్దం ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి మొండికేస్తుంది. మోటార్ మార్చాలా?

గుత్తిరోడ్డు (అనంతపురం)
అన్నలారా, నాది పదకొండేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. బెంగళూరు నుంచి వస్తుంటే మరూరు టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ రీడ్ కాలేదు. అద్దం దించి మాట్లాడాను. మళ్లీ ఎక్కించబోతే ఉలుకూ లేదు పలుకూ లేదు. అనంతపురం దాకా వేడిగాలి, దుమ్ము మింగుతూ వచ్చాను. ఇంటి ముందు దిగి, డోర్ తెరిచి ఉండగా ఊరికే స్విచ్ లాగితే, ఏమీ జరగనట్టు పైకెళ్లింది! మెకానిక్ డోర్ విప్పకుండానే "మోటార్ పోయింది, మూడున్నర వేలు" అన్నాడు. పని చేసినప్పుడు మాత్రం స్పీడు ఏమీ తగ్గలేదు. మోటారేనంటారా?

తాడిపత్రిబండ
మోటార్ కాదప్పా, దుమ్ము. మా వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య తిరిగే ప్రతి కారుకీ ఇదే జబ్బు. అద్దం జారే రబ్బరు గాడిలో తెల్లపొడి పేరుకుపోతుంది. నేను గ్రీజు పూశాను, వెన్నలా జారింది.

బురుజుకాడ (కర్నూలు)
ఎన్ని రోజులు జారింది సామీ?

తాడిపత్రిబండ
వారం. ఇప్పుడు ముందుకన్నా టైటుగా ఉంది, నిజం చెప్పాలంటే.

బురుజుకాడ (కర్నూలు)
మరి గ్రీజు పూయడమంటే దుమ్ముకు పీట వేసి కూర్చోబెట్టడమే కదా. తడిగుడ్డ దూర్చి గాడంతా తుడవాలి, బాగా ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాలి. ఇంజన్ ఆయిల్, కిరోసిన్ లాంటివి వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఎండాకాలం మా కర్నూల్లో రబ్బరు మామూలుగానే అప్పడంలా ఎండిపోతుంది, ఏడాదికి రెండుసార్లు స్ప్రే కొడతాను.
అయితే గుత్తిరోడ్డు గారి కేసు ఇది కాదు. దుమ్మయితే అద్దం ఈడ్చుకుంటూ పోవాలి. ఈయనది ఎక్కితే పూర్తి స్పీడు, లేకపోతే శవం.

కడపవైరింగ్
కార్ల వైరింగ్ పనే నాది, ఇరవై ఏళ్లయింది. మోటార్ కొనేముందు రెండు సంగతులు చెప్పు తమ్ముడూ. అద్దం మొరాయించినప్పుడు నీ దగ్గరున్న స్విచ్‌లతో మిగతా మూడు అద్దాలు కదిలాయా? ఇంకోటి, డోర్ తెరిచినప్పుడే ఎందుకు పని చేసింది?
ఈలోగా రాత్రి ఒక పరీక్ష చెయ్యి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వేసి స్విచ్ నొక్కు. లైటు కాస్త మసకబారితే మోటార్‌కి కరెంటు అందుతోంది, కానీ మోటారో అద్దమో ఎక్కడో బిగుసుకుంది. లైటు చలించకపోతే కరెంటే పోవడం లేదు, అప్పుడు ఫ్యూజు, స్విచ్, వైరు చూడాలి. ఒక్క ఐదు రూపాయల పని కూడా కాదు.

గుత్తిరోడ్డు (అనంతపురం)
మిగతా అద్దాల సంగతి నేను గమనించనే లేదన్నా, వెనక కూర్చునేవాళ్లు ఎవరూ లేరు. ఇవాళ మళ్లీ ఆగినప్పుడు చూశాను. నాలుగూ చచ్చాయి. లైటు కొంచెం కూడా మసకబారలేదు. డోర్ సగం తెరిచి అటూ ఇటూ ఊపితే నాలుగూ లేచాయి.

కడపవైరింగ్
నాలుగు మోటార్లు ఒకే రోజు పోవు. డ్రైవర్ డోర్‌కీ బాడీకీ మధ్య, కీళ్ల దగ్గర మడతల రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, దాన్ని ఒక వైపు ఊడదీసి వెనక్కి జరుపు. డోర్ వేసిన ప్రతిసారీ లోపలి వైర్లు అక్కడే వంగుతాయి. పదేళ్లు వంగితే రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే చూస్తే తెలియదు, ఒక్కో వైరునీ మెల్లగా లాగి చూడాలి. రబ్బరులా సాగితే లోపల తెగినట్టే.
చాలా పాత కార్లలో నాలుగు అద్దాల కరెంటూ డ్రైవర్ స్విచ్ బోర్డు మీదుగానే తిరుగుతుంది. దానికొచ్చే సప్లై గానీ ఎర్త్ గానీ తెగితే అన్నీ ఆగుతాయి. ముందు బ్యాటరీ టెర్మినల్ తీసెయ్యి.

గుత్తిరోడ్డు (అనంతపురం)
దొరికింది! నల్ల వైరు, లావుది. లాగగానే చేతికొచ్చింది. టేపు చుట్టేస్తే సరిపోతుందా?

కడపవైరింగ్
వద్దు. మన ఎండకి టేపు జిగురు కరిగి వైరు బయటపడుతుంది. తెగిన భాగం తీసేసి అంతే మందం ఆటో వైరు ముక్క వెయ్యి, ఇంట్లో లైట్లకు వాడే గట్టి వైరు కాదు, వంగదు. అతుకులు మడతపడే చోట రాకూడదు, ఒకటి డోర్ లోపల, ఒకటి బాడీ లోపల ఉండాలి. టంకం వేసి హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే వైరుకు బిగుసుకునేది) తొడుగు. వేలెడు వదులు ఉంచు. పక్క వైర్లు కూడా లాగి చూడు, ఒకటి తెగిందంటే దాని తమ్ముళ్లు క్యూలో ఉంటారు.

కొత్తగాకొన్నా (ప్రొద్దుటూరు)
మధ్యలో వస్తున్నా, క్షమించండి. నాది కిందికి దిగుతుంది, పైకి రాదు. మోటారేనా?

కడపవైరింగ్
ఒక వైపు బలంగా తిరుగుతోందంటే మోటార్ మంచిదే. దానికి పైకీ కిందికీ వేరే యంత్రం లేదు, ప్లస్ మైనస్ తారుమారైతే ఎదురు తిరుగుతుంది, అంతే. ముందు స్విచ్ చూడండి, లోపల పైకి లాగే కాంటాక్ట్ కాలి ఉంటుంది. అటూ ఇటూ ఆడించి పదిసార్లు నొక్కినందుకు ఆగిందంటే మాత్రం కాసేపు వదిలెయ్యండి, వేడెక్కితే మోటార్ తనంతట తానే ఆగుతుంది.

గుత్తిరోడ్డు (అనంతపురం)
మూడు రోజులైంది, నాలుగు అద్దాలూ ఆడుతున్నాయి. పక్కనే ఎర్ర వైరు కూడా రెండు పోగుల మీద వేలాడుతోంది, అదీ మార్చాను. వైరు, గొట్టాలు కలిపి నూట ఎనభై. బ్యాటరీ తీసినందుకు డ్రైవర్ అద్దం స్విచ్ ఒక్కసారి లాగితే తనంతట తానే పైదాకా పోవడం మరిచింది, పూర్తిగా ఎక్కాక స్విచ్ కొన్ని సెకన్లు లాగి పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది.

తాడిపత్రిబండ
అంతా బాగుంది గానీ, నా గ్రీజు ఎలా వదిలించాలో ఎవరూ చెప్పలేదు.

బురుజుకాడ (కర్నూలు)
షాంపూ నీళ్లు, పాత టూత్‌బ్రష్, ఒక ఆదివారం. పెట్రోలు జోలికి పోవద్దు.