గేజ్ సౌష్ఠవంలో కాస్మిక్ స్ట్రింగ్‌లు ఎలా ఏర్పడతాయి?

తొలి విశ్వం చల్లబడుతూ దశ మారినప్పుడు దారాల్లాంటి సన్నని లోపాలు, అంటే కాస్మిక్ స్ట్రింగ్‌లు ఏర్పడి ఉండవచ్చని భౌతిక శాస్త్రవేత్త టామ్ కిబుల్ 1976లో చెప్పిన వాదన నాకు చాలా ఇష్టం. కాంతి కూడా చేరలేనంత దూరంలో ఉన్న ప్రాంతాలు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా క్షేత్రపు కోణాన్ని (ఫేజ్‌ను) ఎంచుకుంటాయి. ఒక వలయం చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆ కోణం 360 డిగ్రీలు మారితే, లోపల ఎక్కడో క్షేత్రం సున్నా కాక తప్పదు. పాత దశ అక్కడ సన్నని దారంలా చిక్కుకుపోతుంది.

ఘర్షణ లేకుండా ప్రవహించే అతిద్రవ హీలియంలోని సుడుల వరకు ఇది స్పష్టంగానే ఉంది, అక్కడి సౌష్ఠవం గ్లోబల్ (కోణాన్ని అన్ని బిందువుల్లో ఒకేలా తిప్పాల్సినది) కనుక. నా ఇబ్బందంతా స్థానిక గేజ్ సౌష్ఠవం (కోణాన్ని ప్రతి బిందువులో విడిగా తిప్పగలిగేది) దగ్గరే. రెండు బిందువుల మధ్య కోణపు తేడాను గేజ్ మార్పుతో ఇష్టం వచ్చినట్లు మార్చవచ్చు కదా! మరి ‘వేర్వేరు కోణాలు’ అనడానికి భౌతికార్థం ఏమిటి?

హిండ్‌మార్ష్, రాజంతీ అనే భౌతిక శాస్త్రవేత్తలు 2000లో మరో మార్గం చూపారు: ఉష్ణ హెచ్చుతగ్గుల వల్ల పుట్టిన అయస్కాంత అభివాహమే (ఫ్లక్స్) పరివర్తనలో చిక్కుకొని స్ట్రింగ్‌లుగా మిగులుతుందని. అలాగైతే కిబుల్ అంచనా ఏ పరిస్థితుల్లో నిలుస్తుంది, ఎక్కడ ఈ రెండవ విధానానిది పైచేయి అవుతుంది? గేజ్ యుగ్మన స్థిరాంకమా (గేజ్ క్షేత్రంతో పరస్పర చర్య బలమా), చల్లబడే వేగమా, ఏది తేలుస్తుంది? క్షేత్ర సిద్ధాంతం ప్రాథమికాలు తెలుసు కాబట్టి, దయచేసి సమీకరణాలతోనే వివరించండి.