పాత టేకు ద్వారబంధాలతో పసిబిడ్డకు ఊచల మంచం: జిగురు, పూత విషయంలో సలహా కావాలి

నమస్కారం. మా అమ్మాయికి మరో రెండు నెలల్లో కాన్పు. ఇరవై ఒకటో రోజున వేయడానికి చీర ఉయ్యాల ఎలాగూ ఉంటుంది. ఆ తరువాత బిడ్డను పడుకోబెట్టేందుకు నాలుగు వైపులా ఊచలున్న చెక్క మంచం నేనే చేయాలని, కూల్చిన మా పాత ఇంటి టేకు ద్వారబంధాలను కోయించి చిత్రిక పట్టుకున్నాను.

ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదని, పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండరాదని తెలుసు కనుక కొలతల్లో సందేహం లేదు. ఒక వైపు ఊచల చట్రం కిందికి జారేలా పెట్టడం లేదు. అమెరికాలో 2011 నుంచి అలాంటి మంచాల అమ్మకాన్నే నిషేధించారు.

చిక్కంతా బిగింపులో వచ్చింది. గుండ్రటి ఊచల చివర కుసి (బెజ్జంలో దూరే సన్నటి కొస) తీసి, బెజ్జంలో జిగురు పెట్టి బిగించిన నాలుగు రోజులకే మూడు ఊచలు వేళ్లతో తిప్పితే కిర్రుమంటూ తిరుగుతున్నాయి. టేకులోని నూనె వల్ల జిగురు పట్టలేదా, లేక బెజ్జమే వదులైందా? అతికించే ముందు స్పిరిట్‌తో తుడిస్తే చాలునా, అడ్డంగా చెక్క మేకు దిగగొట్టడం మేలా?

మరొకటి, కొన్ని ముక్కల మీద మేకు గుంటల చుట్టూ పాత ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక ఉప్పుకాగితంతో రుద్దే పని ఆపేశాను. వాటిని పూర్తిగా పక్కన పెట్టేయవలసిందేనా? పళ్లు వచ్చే వేళ బిడ్డ పై కమ్మీని కొరకక మానదు. ఏటికొప్పాక బొమ్మల లక్క లేత్ మీద తిప్పుతూ వేసేది కనుక ఈ చదును చెక్కకు కుదరదు. మరి నోట పెట్టినా హాని చేయని పూత ఏది వేయమంటారు?