మేఘం లోపలి గాలిని విమానంలో వెళ్లి కొలవడం: అనంతపురానికి అవసరమా?

తాడిపత్రి అబ్బాయి:
2000ల దశకం మధ్యలో మన జిల్లా మీద మేఘమథనం విమానాలు, అంటే వాన కోసం మేఘాల్లో మందు చల్లేవి, తిరిగాయి. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను, మిద్దెక్కి చూసేవాళ్లం. వాన వాటివల్ల పడిందా, ఎట్లాగూ పడేదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని వాదన. మేఘమథనం మళ్లీ చేసేటట్టయితే ముందు విమానానికి డాప్లర్ రాడార్ (ప్రతిధ్వనిని బట్టి వేగం చెప్పేది) బిగించి, మేఘంలో గాలి ఎంత వేగంగా పైకి లేస్తోందో కొలవాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కర్నూలు ఫిజిక్స్:
కొలవాల్సిందే. మందు చల్లితే చినుకు పెరిగిందా లేదా అన్నది ఆ మేఘంలో గాలి లేస్తోందా, దిగుతోందా తెలియకుండా చెప్పలేం. నేల మీది రాడార్ దీనికి చాలదు. శ్రీహరికోట రాడార్ అనంతపురానికి సుమారు 300 కిలోమీటర్లు, చెన్నైది ఇంకా దూరం. భూమి వంపు వల్ల ఇక్కడికి వచ్చేసరికి దాని కిరణం 5 కిలోమీటర్ల ఎత్తుకు పైనే పోతుంది. పైగా రాడార్‌కు తెలిసేది తనవైపు వచ్చే వేగం, తననుంచి పోయే వేగం మాత్రమే. పక్కనుంచి చూస్తే నిలువుగా లేచే గాలి దాదాపు కనిపించదు. మేఘం పైనుంచి కిందికి చూడాలి. నాసా ఈఆర్-2 విమానం 20 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతూ చేసేది అదే.

కడప గడప:
గాదంకిలో పెద్ద రాడార్ ఉంది కదా సార్, తిరుపతి దగ్గర? అది గాలినే కొలుస్తుందని చదివాను.

కర్నూలు ఫిజిక్స్:
నిజమేనమ్మా. అది 53 మెగాహెర్ట్జ్ రాడార్, వెయ్యికి పైగా యాంటెనాలు. గాలి సుడుల నుంచి వచ్చే ప్రతిధ్వని, వాన నుంచి వచ్చేది అందులో వేరువేరుగా దొరుకుతాయి. కానీ తన నెత్తి మీదికి వచ్చిన మేఘాన్నే చూడగలదు. కళ్యాణదుర్గం మేఘం గాదంకికి పోదు.

పెన్నేటి గట్టు:
సార్, ఒక్క మాట. మీ విమానం రాడార్ గాలిని చూడదు, చినుకును చూస్తుంది. నేను కళ్లంలో కొర్రలు తూర్పార పట్టినవాణ్ణి. చేట ఎత్తి పోస్తే గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు పోయి కంపచెట్టుకు తగులుకుంటుంది. గింజ పడే తీరు చూసి గాలి ఎంతో చెప్పాలంటే గింజ బరువు తెలియాలి. చినుకు బరువు మీకెవరు చెప్పారు?

కర్నూలు ఫిజిక్స్:
ఇంత బాగా నేను క్లాసులో కూడా చెప్పలేదన్నా. అవును, రాడార్‌కు అందేది గాలి వేగం, చినుకు పడే వేగం కలిసిన లెక్క. 2 మిల్లీమీటర్ల చినుకు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. గాలి అంతే వేగంతో పైకి లేస్తుంటే ఆ చినుకు రాడార్‌కు కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. అందుకే ప్రతిధ్వని బలాన్ని బట్టి చినుకు సైజు అంచనా వేసి, పడే వేగం తీసేస్తారు.

పెన్నేటి గట్టు:
అంచనా అన్నారు. రాసిపెట్టుకుంటున్నా.

ఆరుద్ర కార్తె:
విమానం పరుగు సంగతి ఎవరూ అడగలేదే? అది సెకనుకు 130 మీటర్లు పోతుంటే, యాంటెనా ఒక్క డిగ్రీ వంకర ఉన్నా విమానం వేగం లెక్కలో కలిసి సెకనుకు 2 మీటర్లకు పైగా తప్పు వస్తుంది. మామూలు వానమేఘంలో లేచే గాలే కొన్ని మీటర్లు.

కర్నూలు ఫిజిక్స్:
దానికి దారి ఉంది. నేల కదలదు. నేల నుంచి వచ్చిన ప్రతిధ్వనిలో వేగం సున్నా రావాలి. రాకపోతే ఆ తేడాయే యాంటెనా వంకర. దాన్నిబట్టి మొత్తం సరిచేస్తారు.

పెన్నేటి గట్టు:
మళ్లీ సరిచేయడం. సార్, చినుకు అంచనా, యాంటెనా సవరింపు, చివరికి మా వాన కూడా సవరించిన వానే అవుతుందా?

కర్నూలు ఫిజిక్స్:
మీరు ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నారు. 2017 జనవరిలో అమెరికాలో ఐడహో కొండల మీద ఒక విమానం సిల్వర్ అయోడైడ్ అనే మందు చల్లితే, దగ్గరి కొండ మీది రాడార్‌లో చల్లిన దారి వెంబడే మంచు గీతలు కనిపించాయి, రెండో విమానంలోని రాడార్ కూడా వాటిని పట్టుకుంది. మందు పనిచేసిందని కంటికి కనిపించేలా చూపించారు. కొలవకపోతే అది తెలిసేదా? ఏళ్ల తరబడి ప్రజల డబ్బు ఆకాశంలో చల్లి, పడిందో లేదో తెలియకుండా కూర్చోవడం మీకు సమ్మతమేనా?

ఆరుద్ర కార్తె:
అవి చలికాలపు మంచు మేఘాలు సార్. మనవి వేరు.

కర్నూలు ఫిజిక్స్:
వేరు కాబట్టే ఇక్కడ కొలవాలంటున్నా! చదువుకున్నవాళ్లు కూడా ఇట్లా అడ్డం పడితే ఎట్లా?

పెన్నేటి గట్టు:
చదువు మాట తేవద్దు సార్. నా సంగతి వినండి. ఒక సంవత్సరం ఆరుద్రలో ఒక పదును వాన పడితే బుడ్డలు (వేరుశనగ) విత్తాం. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే టైముకు బెట్ట. రోజూ మోడం పడుతుంది, పోతుంది. చెట్టు పీకి చూస్తే ఊడ కొస నల్లబడి ఉంది, నేల గట్టికి లోపలికి దిగలేదు. బీమా కోసం ఆఫీసుకు పోతే కంప్యూటర్ తిప్పి చూపించారు. మండలం లెక్కలో ఆ వారం మంచి వాన. ఆ వానమాపకం నా చేనికి 17 కిలోమీటర్ల అవతల ఉంది. నా చేలో దుమ్ము లేస్తోందని చెబితే, 'రికార్డులో ఉంది కదా' అన్నారు. రూపాయి రాలేదు. మా ఆవిడ గాజులు బ్యాంకులోనే ఉండిపోయాయి.

కడప గడప:
అన్నా, ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

పెన్నేటి గట్టు:
మొదట చెబితే సొంత బాధ అంటారమ్మా. సార్ కొలత తప్పని నేననలేదు. వానమాపకం కూడా తప్పు చెప్పలేదు, అక్కడ పడింది నిజమే. ఆ నంబరును తెచ్చి నా చేను మీద పెట్టారు, నా గొడవ అది. రేపు విమానం తిరిగి 'కళ్యాణదుర్గం మీద మేఘంలో గాలి బాగా లేచింది, చినుకు పెరిగింది' అని రాస్తే, కింద మా ఊరికి చేరకముందే ఆ చినుకు ఆవిరైపోయినా, నాకు పరిహారం ఎగ్గొట్టడానికి ఇంకో కాగితం తయారవుతుంది.

కర్నూలు ఫిజిక్స్:
ఇది నాకు తట్టలేదు. మీరు రాడార్‌ను అనుమానిస్తున్నారనుకుని కోపం తెచ్చుకున్నా, ఏమీ అనుకోవద్దు. మేఘంలో ఉన్న వాన నేల మీది వాన కాదన్నది నిజం. పొడిగాలిలో దారిలోనే ఆరిపోతుంది, మన దగ్గర మరీ ఎక్కువ. విమానం కింద ఊరూరా వానమాపకాలు కూడా ఉండాలి, రెండూ కలిపి చూడాలి. నేను అడిగేది మేఘమథనం పనిచేస్తుందా లేదా తేల్చడానికి మాత్రమే.

తాడిపత్రి అబ్బాయి:
ఊరికో వానమాపకం పెడితే నేను ఓకే.

పెన్నేటి గట్టు:
నాకూ సమ్మతమే. కానీ విమానం లెక్క బీమా కాగితంలోకి పోదని ముందే రాసివ్వాలి. రాసిస్తారా సార్?

కర్నూలు ఫిజిక్స్:
రాసిచ్చే అధికారం నాది కాదన్నా. కొలిచేవాళ్లది కూడా కాదు.

పెన్నేటి గట్టు:
మరి ఎవరిది? ముందు వాళ్లను ఈ చర్చకు పిలవండి. విమానం సంగతి ఆ తర్వాత.