ఏడుగురు కూర్చునే కారుకు విడి చాసిస్ మేలా, మోనోకాక్ మేలా?

కోట వీధి, విజయనగరం: వెన్ను ఆపరేషన్ జరిగిన మా అమ్మగారిని నెలకు రెండుసార్లు విశాఖపట్నం తీసుకువెళ్లాలి. చిన్న అదురును కూడా ఆవిడ తట్టుకోలేరు. నిచ్చెన లాంటి చాసిస్ మీద బాడీ బిగించిన కారు కొనాలా, బాడీయే చట్రంగా పనిచేసే మోనోకాక్ కొనాలా? చప్పుడు, దృఢత్వం, బరువు మూడూ చూసి చెప్పగలరు.

జీడితోట, టెక్కలి: విడి చాసిస్ ఉన్నదే తీసుకోండి. దానికీ బాడీకీ మధ్య రబ్బరు దిమ్మలు ఉంటాయి గనుక రోడ్డు అదురు నేరుగా మనిషికి తగలదు. అంబాసిడర్ అన్నేళ్లు మన్నిందంటే కింద ఉన్న చాసిస్ చలవే.

డ్రాయింగ్ మాస్టారు, బొబ్బిలి: అంబాసిడర్‌కు విడి చాసిస్ లేదండీ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నుంచి వచ్చి 2014 వరకు తయారైన ఆ కారు ఏకఖండ నిర్మాణమే, అంటే మోనోకాకే. రబ్బరు దిమ్మల సంగతి మాత్రం నిజం. మోనోకాక్‌లో నేల రేకు డప్పులా మోగుతుంది. అందుకే దానికి తారు పలకలు అంటిస్తారు, కొంత బరువు అక్కడ తిరిగి చేరుతుంది. అయితే మెలి తిరగకుండా నిలవడంలో నిచ్చెన చట్రం వెనకబడుతుంది. చీలిక లేని వెదురు బొంగును చేతులతో మెలిపెట్టి చూడండి, కదలదు. నిలువునా ఒక్క చీలిక ఇచ్చాక అదే వెదురు సులువుగా తిరుగుతుంది. కప్పు, స్తంభాలు, నేల కలిసిన మోనోకాక్ ఆ చీలని బొంగు లాంటిది. మా బంధువుల చాసిస్ బండి ముందు చక్రం ఒకటి కల్వర్టు గట్టెక్కి ఆగినప్పుడు వెనక తలుపు తీస్తే మళ్లీ పడలేదు. గొళ్లెం తన గాడికి బియ్యపు గింజంత పక్కకు జరిగి ఉంది. చదును నేల మీదికి రాగానే ఆ తలుపే చక్కగా పడింది. ఆ కదలికే కొన్నాళ్లకు కిర్రుమనే చప్పుడవుతుంది.

రాజాం కుర్రాడు: ఇప్పుడు హై స్ట్రెంగ్త్ స్టీల్, అంటే బలం ఎక్కువున్న ఉక్కు, వాడుతున్నారు గనుక ఈ చర్చ అవసరమా?

డ్రాయింగ్ మాస్టారు, బొబ్బిలి: అవసరమే బాబూ. ఆ ఉక్కు శాశ్వతంగా వంగిపోకుండా కాపాడుతుంది గానీ, బరువు పడినప్పుడు ఎంత సాగకుండా, వంగకుండా నిలుస్తుందో చెప్పే దాని యంగ్ గుణకం మామూలు ఉక్కుదే, సుమారు 200 గిగాపాస్కల్‌లు. బలముంది కదా అని రేకును పలచన చేస్తే బరువు తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది.

జీడితోట, టెక్కలి: అంబాసిడర్ కిందికి నేనే దూరి గ్రీజు కొట్టాను. పొడవాటి పట్టీలను నా కళ్లతో చూశాను. మాస్టారు బోర్డు మీది బొమ్మను చూసి మాట్లాడుతున్నారు.

డ్రాయింగ్ మాస్టారు, బొబ్బిలి: ఆ పట్టీలు నేల రేకుకే వెల్డింగ్ అయి ఉంటాయి, బోల్టులు విప్పి బాడీని వేరు చేయలేరు. మీ కోపం అంబాసిడర్ మీద కాదనిపిస్తోంది.

జీడితోట, టెక్కలి: కాదు. రెండేళ్ల కిందట రాత్రిపూట గేదె అడ్డొచ్చి మా అల్లుడి మోనోకాక్ కారు దెబ్బతింది. ఒక షెడ్డులో కొలతలు తీయకుండానే లాగి, వెల్డింగ్ చేసి, రంగు వేసి ఇచ్చారు. ఆనాటి నుంచి స్టీరింగ్ ఎడమకు లాగుతోంది, టైర్లు ఒక పక్కే అరుగుతున్నాయి. మెలి తిరగదన్న పెట్టె ఒకసారి మెలి తిరిగితే మా ఊళ్లో దాన్ని సరిచేసేవారెవరు?

డ్రాయింగ్ మాస్టారు, బొబ్బిలి: దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. బెంచి మీద బిగించి కొలిచే షెడ్డు కోసం విశాఖ దాకా వెళ్లాల్సి రావచ్చు. అయినా ఆ తల్లి కోసం నేను మోనోకాక్‌నే ఎంచుకుంటాను. కింద వేరే చాసిస్ ఉండదు గనుక నేలను తక్కువ ఎత్తులో పెట్టవచ్చు, ఎక్కడం సులువు. ఇన్నోవాలోనే క్రిస్టాకు నిచ్చెన చట్రం, 2022లో వచ్చిన హైక్రాస్‌కు మోనోకాక్; రెండూ ఎక్కించి చూడండి.

కోట వీధి, విజయనగరం: ఎక్కే ఎత్తు సంగతి నాకు తట్టనే లేదు. ఆదివారం అమ్మను మధ్య వరుసలో కూర్చోబెట్టి రెండింటినీ శృంగవరపుకోట దారిలో నడిపి చూస్తాను.

జీడితోట, టెక్కలి: అద్దాలు మూసి, పాటలు ఆపి నడపండి. కొనేముందు ఆ కంపెనీ షెడ్డులో కొలత బెంచి ఉందో లేదో లోపలికి వెళ్లి చూసి రండి.