ఒక్క ఫైబర్, 64 ఇళ్లు: లైటు వెలిగించి ఆర్పితే చాలా, పామ్‌4 కావాలా?

వెలుగుతీగ:
"డేటా సెంటర్లలో పామ్‌4 (కాంతిని నాలుగు మెట్లలో పంపే పద్ధతి) వచ్చి ఎన్నేళ్లయింది, ఇంటి ఫైబర్‌లో ఇంకా ఎన్‌ఆర్‌జెడ్డేనా" అని ఒకాయన వెటకారం చేశాడు. సంగతేంటంటే, 2021లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 50జీ పాన్ (ఒక్క ఫైబర్‌లోని కాంతిని స్ప్లిటర్‌తో చాలా ఇళ్లకి పంచే పద్ధతి) ప్రమాణం తెచ్చినప్పుడు కూడా ఇళ్లకి వచ్చే 50 గిగాబిట్‌కి పాత పద్ధతి ఎన్‌ఆర్‌జెడ్డే ఉంచారు. లైటు ఎక్కువుంటే 1, తగ్గితే 0. ఆ వేగంలో అలుక్కుపోయే సిగ్నల్‌ని రిసీవర్లో డీఎస్పీతో, అంటే లెక్కలు కట్టే చిప్‌తో, సరిచేసుకుంటారు. నాకైతే సరైన నిర్ణయమే అనిపిస్తుంది. కాదనేవాళ్లు చెప్పండి.

ఎంటెక్_కుర్రాడు:
నేను కాదంటా అన్నా. పామ్‌4లో నాలుగు మెట్లు, ఒక్కో సింబల్‌కి (ఒకసారి పంపే వెలుగు గుర్తుకి) 2 బిట్లు. 50 గిగాబిట్‌కి 25 గిగాబాడ్ (సెకనుకి 2,500 కోట్ల సింబల్స్) చాలు, 25జీ లేజర్లతో పని అయిపోతుంది. ఇంకెందుకు కుస్తీ?

స్ప్లైసింగ్_సూరి:
తమ్ముడూ, థియరీ నాకు తెలీదు, 11 ఏళ్లుగా స్తంభాలెక్కుతున్నా. జీపాన్ (పాత తరం పాన్) బాక్స్ −27 డీబీఎం (కాంతి బలం కొలత, మైనస్ పెరిగేకొద్దీ బలహీనం) దాకా లాగుతుంది, అది దాటితే ఎర్ర లైటు మిణుకుమంటుంది. గోడ మూల దగ్గర ఎవరో వైరు మడిచి మేకు కొడతారు, అక్కడే 2 డీబీ గోవిందా. నీ నాలుగు మెట్లు ఆ మడతని తట్టుకుంటాయా?

వెలుగుతీగ:
సూరన్న అసలు పాయింటు పట్టాడు. జీపాన్ బి ప్లస్ క్లాస్‌లో మనకున్న బడ్జెట్, అంటే దారిలో పోయినా తట్టుకోగల కాంతి నష్టం, 28 డీబీ. 64 దారుల స్ప్లిటరే దాదాపు 20 తినేస్తుంది, 20 కిలోమీటర్ల ఫైబర్ ఇంకో 5 నుంచి 7. మిగిలేది చిల్లరే. పామ్‌4లో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడం మూడో వంతుకి పడిపోతుంది, అంటే కాంతి లెక్కలో 4.8 డీబీ నష్టం. బాడ్ సగమైంది కాబట్టి నాయిస్ తగ్గి ఒకటిన్నర వెనక్కొస్తుంది, అయినా నికరంగా 3 పైనే పోయింది. 3 డీబీ అంటే వెలుగు సగం పోవడం, స్ప్లిటర్ 64 నుంచి 32కి దిగడం, సగం ఇళ్లు వదులుకున్నట్టే. డేటా సెంటర్లో ఈ బాధ లేదు, అక్కడ మధ్యలో స్ప్లిటరే ఉండదు.

దూరపుకొండ:
ఇద్దరూ 50 దగ్గరే ఆగారు. 100 దాటితే కోహెరెంట్ (కాంతి తరంగపు ఫేజ్‌ని, అంటే దశని కూడా చదివే పద్ధతి) తప్పదు. రిసీవర్లో ఇంకో లేజర్ కలుపుతాం కాబట్టి బలహీనమైన సిగ్నల్ కూడా పైకి లేస్తుంది, రెండు పోలరైజేషన్ల (కాంతి కంపించే దిక్కులు) మీద క్యూపీఎస్‌కే (నాలుగు దశలతో బిట్లు పంపే పద్ధతి) వేస్తే సింబల్‌కి 4 బిట్లు. కేబుల్ కంపెనీల పరిశోధన సంస్థ కేబుల్ ల్యాబ్స్ 100 గిగాబిట్‌కి ఈ దారే పట్టింది. చిక్కల్లా ఇంటి నుంచి వెళ్లే దిక్కులో. ఒక్కో ఇల్లు తన వంతు వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడుతుంది, ఆ కాస్త టైములోనే ఫేజూ పోలరైజేషనూ పట్టుకోవాలి. పైగా ఇంటింటికీ మంచి లేజర్, ఖర్చెవరిది?

ఎంటెక్_కుర్రాడు:
సరే, 50కి పామ్‌4 వద్దు, ఒప్పుకున్నా. కానీ ఇంటిని బట్టి మార్చొచ్చుగా? సిగ్నల్ బాగున్న ఇంటికి పామ్‌4, లేని ఇంటికి ఎన్‌ఆర్‌జెడ్. నోకియా బెల్ ల్యాబ్స్ వాళ్లు ఇదే ఐడియాతో 100 గిగాబిట్ చూపించారు. (నా ప్రాజెక్ట్ ఆప్టికల్ సీడీఎంఏ మీద, ఇంటికో కోడ్, వంతులే అక్కర్లేదు. జనం పెరిగేకొద్దీ ఒకరి లైటు ఇంకొకరికి అడ్డం. గైడ్‌కి చెప్పకండి.)

వెలుగుతీగ:
ఇది బాగుంది. ఇళ్లన్నీ ఒకేలా ఉండవు, అందరినీ అట్టడుగు ఇంటి వేగానికి కట్టేయడం దండగే.

స్ప్లైసింగ్_సూరి:
మీకు బాగానే ఉంటుంది. పోయిన వారం ఆఫీసు పక్కింట్లో −26 వచ్చింది, ఆరు కిలోమీటర్ల అవతల తోటలో −19. చూస్తే పక్కింటి కనెక్టర్ మీద దుమ్ము, స్పిరిట్‌తో తుడిస్తే −18కి వచ్చింది. ఇంకాస్త పడితే ఎర్ర లైటు వెలిగేది, ఫోన్ వచ్చేది, వెళ్లి తుడిచేవాణ్ణి. మీ పద్ధతిలో అయితే బాక్స్ చప్పుడు చేయకుండా వేగం తగ్గించుకుని ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది. ఆ ఇంటాయనేమో నెలనెలా ఫుల్ ప్లాన్ డబ్బు కడుతూనే ఉంటాడు.